కోడలి సైకిలుకు ఆముదం

నా కోడలు పొద్దున నాలుగున్నరకు లేస్తుంది. లేచేది పొయ్యి ముట్టించేదానికి కాదు, కసువు ఊడ్చేదానికి కాదు. తలకు గట్టి టోపీ బిగించుకుని, లావు టైర్ల సైకిలును వసారాలో నుంచి దించి, జమ్మలమడుగు రోడ్డు పట్టుకుని పోతుంది. మూడేండ్ల నుంచి చూస్తాండా. ఎందుకు పోతాందో అప్పుడూ తెలీలే, ఇప్పుడూ తెలీదు. నేను మూడో తరగతితో బడి మానుకున్నదాన్ని. తెలిసింది తెలిసినట్టు రాస్తా, తెలీనిది తెలీదనే రాస్తా.

మాది ప్రొద్దుటూరు. కొడుక్కు బట్టల అంగడి. కోడలు జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలో లెక్కల టీచరు. వాళ్లకు ఒక్కటే ఆడపిల్ల, నాలుగేండ్లది. నా మొగుడు పోయి శానా కాలమైంది, ఇంటి తాళాలు ఇంకా నా కొంగుకే ఉండాయి. ఊరకే ఎలుగుతాండే లైటు ఆర్పేది నేనే, బాండలిలో మిగిలిన నూనె వడగట్టి పెట్టేది నేనే.

కోడలు ఆరున్నరకు తిరిగొచ్చి, నీళ్లు పోసుకుని, పిల్లకు జడేసి, మూడు క్యారియర్లు కట్టి ఎనిమిది గంటల బస్సుకు ఉరుకుతుంది. సాయంత్రం వచ్చి పరీక్ష పేపర్లు దిద్దుతుంది, పిల్ల చేత అ ఆలు దిద్దిస్తుంది. అదంతా అయినాక సైకిలును ఒక ఇనప స్టాండు మీదికెక్కించి, ఉన్నచోటనే గంట సేపు తొక్కుతుంది. మొదటిరోజు చూసి ఆగలేక అడిగినా.

"యాడికి పోతాండావు మ్మే?"

"యాడికీ లేదత్తా."

"గానుగెద్దన్నా చుట్టూ తిరుగుతాది గదే. అది తిరిగితే నూనె వస్తాది. నీకేమొస్తాది?"

"చెమట వస్తాది," అని నవ్వింది.

గండికోట పక్కన కొండల్లో, రాళ్లదోవన, వంద కిలోమీటర్ల పందెం ఉండాదంట. ఎనిమిది గంటల్లో ముగించాలంట. దానికోసరం ఇదంతా. పందెమంటే నాకు తెలిసింది బండలాగుడు ఒక్కటే. మా నాయన ఎద్దులను పందేనికి కట్టేవాడు. పందెం నెల ఉందనగా వాటి మెడ మీద కాడి పడనిచ్చేవాడు కాదు, ఉలవలు ఉడకబెట్టి పెట్టించేవాడు. అది గుర్తుండి కోడలికి రోజూ గుప్పెడు ఉలవ గుగ్గిళ్లు పెట్టినా. పాపం, మాట్లాడకుండా తినింది.

"గెలుస్తావా మరి?" అన్నా ఒకరోజు.

"గెలిచేదేం లేదత్తా. టయానికి ముగిస్తే చాలు."

"అయితే గెలిచేదెవరు?"

"ఎవరో గెలుస్తారు, నాకెందుకు?"

గెలవని పందేనికి ఎద్దును గూడా ఎవరూ మేపరు. నేను పడుకుని శానా ఆలోచించినా. ఒక సంగతి మాత్రం చెప్పాల. పిల్ల పుట్టినాక ఏడాది పాటు ఈ కోడలు మనిషి మనిషిగా లేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడ పక్క చూస్తా కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. బళ్లో ఎవరో టీచరమ్మ సైకిలు అలవాటు చేసినాక మెల్లగా మాటలొచ్చినాయి, ఆకలైంది, నాతో కొట్లాడేది గూడా మొదలుపెట్టింది. సైకిలుకూ దానికీ లింకు ఏందో నాకు తెలీదు. మేము పొద్దుగూకులూ సెనక్కాయ చెట్లు పెరికినోళ్లం, నీళ్ల బిందెలు మోసినోళ్లం. ఒళ్లు అరగదీసుకునేదానికి వేరే దోవ వెతుక్కునే పని మాకు పడలే.

ఆదివారాలు పొడుగు సవారీ. ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా పులివెందులకు పోయింది. అది కోడలి పుట్టినూరు, వాళ్ల నాయనకు చీనీకాయల తోట ఉండాది. పోయి అమ్మానాయనలను చూసి, మజ్జిగ తాగి, తిరిగొస్తే ఆ వారం తొక్కాల్సిన దూరం లెక్క సరిపోతుందనుకుందంట. పదిన్నరకు నా ఫోను మోగింది. వియ్యంకుడు.

"వదినా, ఏం జరిగిందో దాచకుండా చెప్పు."

"ఏం జరిగిందన్నా?"

"పిల్ల ఒక్కతే సైకిలేసుకుని వచ్చేసింది. మొకమంతా దుమ్ము, కండ్లు ఎర్రగా ఉండాయి, అడిగితే మాట రావడంలే."

"మాటెట్లొస్తాది, అంత దూరం తొక్కితే? దమ్ము తీసుకోనీ. అది వ్యాయామం."

"వ్యాయామమా? ఆడపిల్ల మారుగుడ్డ గూడా లేకుండా పుట్టింటికి వస్తే దాన్ని వ్యాయామం అంటారా వదినా? అబ్బి చెయ్యి చేసుకున్నాడా?"

"చెయ్యి చేసుకునేదా! నీ కూతురి కాళ్లు చూసినావా నువ్వు? అది తిరిగి తంతే నా కొడుకు బతుకుతాడా?"

ఆయప్ప నమ్మలే. మా పక్క ఆడబిడ్డ సంచీ లేకుండా, తోడు లేకుండా, పుట్టింటి గడప తొక్కిందంటే దానికి ఒకటే అర్థం. మధ్యాన్నానికంతా వియ్యంకుడూ, ఆయన తమ్ముడూ జీపులో మా ఇంటి ముందర దిగినారు. జీపు వెనక కోడలు, దాని పక్కన సైకిలు.

"నేను తొక్కుకుంటా రావాల్సింది! సగం దూరమంతా పాడు చేసినారు!" అని కోడలు నాయన మీద అరుస్తాంది. వాళ్లు అది విని, అల్లునికి భయపడి అట్ల మాట్లాడుతుందనుకున్నారు. అంగడి మూసేసి వచ్చిన నా కొడుకు, తన మీద పంచాయితీ ఎందుకు జరుగుతాందో తెలీక అందరికీ మంచినీళ్లు అందిస్తా తిరిగినాడు. నేను సంగటి కెలికి, ఊరిబిండి నూరి అందరికీ పెట్టినా. పోయేటప్పుడు ఆ తమ్ముడు వాకిట్లో ఆగి, "వదినా, ఏమన్నా ఉంటే మాకు చెప్పు. పిల్లను మాత్రం ఏమనొద్దు," అని చేతులు జోడించినాడు.

నాకు కోపమొచ్చింది. ఊరి ముందర పరువు పోయిందని తిట్టినా గూడా. కానీ ఆ కోపంలో ఇంకొకటి కలిసి ఉండాది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో పుట్టింటికి పోవాలంటే ఎవరో ఒకరు తోలుకపోయేదాకా కాసుకుని ఉండేదాన్ని. ఒక్కోసారి ఏడాది పట్టేది. ఈ పిల్ల మజ్జిగ తాగేదానికి పోయొస్తా అంటాంది. అది ఓర్వలేనితనమో, సంతోషమో, ఆ పొద్దు తేల్చుకోలేకపోయినా.

వానలు మొదలైనాక సైకిలు కూయబట్టింది. గేటు దాటే ముందు కోడలు రెండు బ్రేకులూ నొక్కి చూసుకుంటుంది. నొక్కగానే కీ... అని, పందిపిల్లను తొక్కినట్టు. ఆ కూతకు పిల్ల లేస్తుంది. లేచి, "అమ్మ యాడ జేజీ?" అని మొదలుపెడితే తెల్లారేదాకా నా భుజం మీదనే.

"దానికేమన్నా చేయించు," అంటే, "తడికి అట్ల కూస్తాదత్తా, కొంచెం దూరం పోతే అదే ఆగిపోతాది," అనేది.

పందెం దసరా అయినాక వచ్చే ఆదివారం. ఆయుధ పూజ నాడు మా ఇంట్లో ఇనుమనేది ఏదున్నా కడిగి, నూనె రాసి, కుంకుమ పెట్టాల. కొడవలి, కత్తిపీట, గొడ్డలి, కుట్టుమిషను, అన్నీ. ఆ పొద్దు నూనె తగలని ఇనుము ఏడాదంతా ఏడుస్తాదని మా అత్త అనేది. కోడలు పిల్లను తీసుకుని అమ్మవారి అలంకారం చూసేదానికి పోయింది. కొడుకు అంగట్లో పూజకు పోయినాడు. పోయే ముందు ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. "ఈ పందెంతో ఆపెయ్. ఇంట్లో ఉండేదే గంట, ఆ గంట గూడా సైకిలుకే," అని వాడు, "ముగించినాక చూద్దాంలే," అని ఆ పిల్ల.

నేను అన్నిటికీ నూనె రాసి సైకిలు కాడికి వచ్చినా. మిషను నూనె కొని తెచ్చుకున్నది, దాన్ని వృథా చెయ్యలే. డబ్బాలో ఆముదం ఉండాది. చైనుకు రాసినా. ఇరుసులకు రాసినా. చక్రాల నడుమ పళ్లేల మాదిరి, బొక్కలు బొక్కలుగా రెండు ఇనప రేకులు ఉండాయి. చక్రం తిప్పుతా, గుడ్డతో రెండు పక్కలా ఆముదం బాగా పట్టించినా. బ్రేకు నొక్కి చూసినా. కూత లేదు. కుంకుమ పెట్టినా. పని బాగా అయిందని లోపల సంతోషపడినా.

మా ఆయన సైకిలుకు బ్రేకు రబ్బర్లు రిమ్ముకు రెండు పక్కలా ఉండేవి. రిమ్ముకు నూనె తగలనీయకూడదని నాకు బాగా తెలుసు. దీనికి రిమ్ము కాడ రబ్బర్లు లేవు. కాబట్టి ఆ పళ్లెమే బ్రేకని నాకు తెలీదు. అట్ల చెప్పుకోవచ్చు. కానీ బ్రేకు నొక్కితేనే ఆ పళ్లెం కూస్తాదని గూడా నాకు తెలుసు. ఎన్ని పొద్దులు విన్లేదు! ఈ రెండు సంగతులూ ఆ పొద్దు నా తలకాయలో కలవలేదా, కలిసినా నేను మొకం తిప్పుకున్నానా? ఎన్ని తూర్లు ఎనక్కి పోయి చూసినా, నా చేతిలో గుడ్డ కనపడుతుంది, తిరిగే చక్రం కనపడుతుంది. మనసు మాత్రం కనపడదు.

పండగ అయిన మరుసటి రోజు గురువారం. కోడలు ఆకర్న ఒక చిన్న సవారీ అని పోయి ఏడు గంటలకు ఆటోలో వచ్చింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలు నెత్తురు. మైలవరం దాటినాక రోడ్డు దిగుడు కాడ రెండు బ్రేకులూ పట్టలేదంట. పత్తి చేన్లోకి పోయి పడింది కాబట్టి సరిపోయింది, ఇంకో పక్కకు పోయింటే కాలవ.

మా వీధి చివర మోటారు సైకిళ్లు బాగుచేసే పెద్దాయన, అందరం భాయ్ అంటాం, ఆయన వచ్చి చక్రం ఊడదీసినాడు. ఆ పళ్లేన్ని పట్టుకునే బ్రేకు బిళ్లలు బయటికి తీసి ముక్కు కాడ పెట్టుకున్నాడు.

"టీచరమ్మా, ఇది రోడ్డు మీద అంటుకున్న నూనె కాదు. ఆముదం. ఎవరో పనిగట్టుకుని రాసినారు. బిళ్లలు నూనె తాగేసినాయి."

కోడలు తల తిప్పి మొగుని వైపు చూసింది.

"నువ్వేనా?"

"నేనా? నాకు ఆ పళ్లెం పేరు గూడా తెలీదు!"

"మొన్న ఆపెయ్ అన్నదెవరు?"

"నోటితో అన్నా. ఆముదం పోస్తానా పెండ్లాం బండికి?"

నేను చాట పట్టుకుని గడపలోనే నిలబడుండా. నోరు తెరవాలనుకున్నా. తెరుచుకోలే. కూరలో ఉప్పెక్కువైతే గూడా, ఉప్పు ఒంటికి మంచిదని వాదించి తినిపించినదాన్ని. తప్పు నాది అని ఎవరితోనూ అన్న అలవాటు లేదు, ఎట్ల మొదలుపెట్టాలో తెలీలే. చాటలో బియ్యం చెరుగుతా లోపలికి పోయినా.

ఆ రోజంతా వాళ్లిద్దరికీ మాటల్లేవు. మరుసటి రోజు మధ్యాన్నం కోడలు తొక్కుడు బట్టలన్నీ మడిచి బీరువా అడుగున పెట్టేసింది. పందెం వాళ్లకు రానని చెప్పాలని ఫోను చేతిలోకి తీసుకుంది. తీసుకున్నది తీసుకున్నట్టే గోడ పక్కకు చూస్తా కూర్చుంది. పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని లాగితే గూడా కదల్లే.

ఆ కూర్చునే తీరు నేను ముందు చూసినా. ఏడాది పాటు చూసినా. పోయి కోడలి ఎదురుగా కూర్చున్నా.

"ఆముదం రాసింది వాడు కాదు," అన్నా. "నేను."

కోడలు మెల్లగా తలెత్తింది. "ఎందుకత్తా?"

"కూస్తాందని. పిల్ల లేస్తాందని. పూజ నాడు ఇనుముకు నూనె రాస్తాం గదా."

"అది బ్రేకని తెలీదా?"

"తెలీదు," అని, మల్లా, "తెలుసేమో," అన్నా.

"తెలుసేమో అంటే? కావాలని రాసినావా?"

"అదే నాకూ తెలీడంలే మ్మే. తెలిస్తే చెప్పనా? కూత పోవాలనుకున్నా. నువ్వు పడాలని అనుకోలే. పోకుంటే బాగుండు అని మాత్రం శానా సార్లు అనుకున్నా. ఆ పొద్దు అనుకున్నానో లేదో గుర్తు లేదు."

ఆ పిల్ల తిడుతుందనుకున్నా. ఏడుస్తుందనుకున్నా. రెండూ చెయ్యలే. నా మొకం వైపే చూస్తా ఉండిపోయింది, పరీక్ష పేపర్లో తప్పు లెక్క యాడ మొదలైందో వెతికినట్టు. అంతలో వాకిట్లో నుంచి నా కొడుకు అరిచినాడు.

"మా! నువ్వా! నిన్నటి నుంచి నాకు అన్నం గూడా సల్లగా పెడతాంది ఈమె!"

కొత్త బిళ్లలు బెంగళూరు నుంచి రావాల, ఆదివారానికి రావు. నేనే చెప్పులేసుకుని భాయ్ కాడికి పోయినా. రాసింది నేనని ఆయనకు గూడా చెప్పినా. రెండోసారి చెప్పేది కొంచెం సులువైంది.

"అరే అక్కా, నువ్వా!" అని నుదురు కొట్టుకున్నాడు. "కాల్చి చూద్దాం. నూనె పొగై పోతే బిళ్ల బతుకుతాది. ఒక్కోసారి వస్తాది, ఒక్కోసారి రాదు."

ఇంటికి పిలుచుకొచ్చి దోసెల పెనం తీసిచ్చినా. ఆ పెనం మీద నేను ఎవరినీ చెయ్యి పెట్టనియ్యను. దాని మీద నాలుగు బిళ్లలు పెట్టి సన్న మంట మీద కాల్చినాడు. ఇల్లంతా ఆముదం పొగ. పళ్లేలను స్పిరిట్టుతో తుడిచి, మల్లా తుడిచి, అన్నీ బిగించినాడు. కోడలు వీధిలో నాలుగు తూర్లు పోయొచ్చింది.

"ముందరిది పడతాంది. వెనకది సగమే," అనింది.

"పోతావా?" అని నేనడిగినా.

"పోతా."

అంతే. ఆ 'పోతా' లో కోపం ఉందో లేదో నాకు అందలే.

ఆదివారం అందరం కారు మాట్లాడుకుని పోయినాం. చీకటి విడవక ముందే రెండు వందల మంది దాకా సైకిళ్లతో నిలబడుండారు. ఒక్కరి మొకంలో గూడా పండగ లేదు, పరీక్షకు వచ్చినట్టుండారు. ఈల ఊదగానే రాళ్ల మీద దడదడమని పోయినారు. దుమ్ము తప్ప ఏం మిగల్లే. ఇంక ఎనిమిది గంటలు కూర్చోవాల. చూసేదానికి ఏమీ లేని పందేనికి ఇంతమంది ఎందుకు వచ్చినారో నాకు పాలుపోలే. కొడుకు పిల్లను ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతా నిమిషానికొకసారి గడియారం చూస్తాండాడు. ఆపెయ్ అన్నది వీడేనా అనిపించింది.

ఆరో గంట నుంచి ఒక్కొక్కరే రావడం మొదలైంది. వచ్చినోళ్ల మెడలో పతకం వేస్తాండారు. ఏడు గంటలైంది. ఏడున్నర అయింది. ముందొచ్చిన ఒకాయన, దిగుళ్ల కాడ ఒక టీచరమ్మ సైకిలు దిగి నడిపించుకుంటా వస్తాందని చెప్పినాడు. ఎనిమిది గంటలు నిండగానే ఈల ఊదేసినారు. పతకాల పెట్టె మూసేసినారు.

కోడలు పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

నేను నేరుగా పోయి పెట్టె కాడ నిలబడినా. ఇద్దరు పడుచు పిల్లోళ్లు ఉండారు.

"ఆ పెట్టె తెరువు నాయనా. ఆ పదకొండు నిమిషాలూ నావి."

"ఏందవ్వా?"

"బ్రేకుకు ఆముదం రాసింది నేను. అందుకే దిగి నడిచింది. ఆ టయము నా లెక్కలో రాసుకోండి, దానికి పతకమియ్యండి."

వాళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నారు. "అవ్వా, రూలు రూలే. ఏం చెయ్యలేం."

ఇంకా వాదిస్తాంటే కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. దుమ్ములో కండ్లు, పండ్లు తప్ప ఏం కనపడటంలే. ఏడుస్తుందనుకుంటే నవ్వుతాంది. టయానికి ముగిస్తే చాలన్న మనిషి, టయము తప్పి నవ్వుతాంది.

"ఊరుకో అత్తా. నడిచింది బ్రేకు కోసరం కాదు. బ్రేకు బాగానే పట్టింది. మొన్న పడింది గుర్తొచ్చి భయమేసింది, దిగినా."

నా మీద నుంచి బరువు తీసేసినట్టయింది. కొంచెం సేపే.

పిల్లను ఎత్తుకోవాలని, నీళ్లు పొయ్యమని రెండు చేతులూ చాపింది. క్యాను వంచి పోసినా. మట్టి కరిగి పోయినాక చూస్తే, బ్రేకు లాగే రెండు వేళ్లూ, రెండు చేతులవీ, బొబ్బలెక్కి చిట్లి ఎర్రగా ఉండాయి. మిగిలిన వేళ్లకు ఏమీ లేదు. బాగా పట్టే బ్రేకును అంత లాగాల్నా?

భయపడినోళ్లు గూడా గట్టిగానే లాగుతారేమో. అడగొచ్చు. నోటి దాకా వచ్చింది. అంతలో పిల్లను చంకనేసుకుని, "ఆకలైతాంది, ఏం తెచ్చినావత్తా?" అనింది. చిత్రాన్నం మూట విప్పినా. ఆ వేళ్లతో తినలేదని, ముద్దలు చేసి నేనే పెట్టినా. తినింది. ఎందుకు నవ్వుతాందో, నిజమే చెప్పిందో, నన్ను కాపాడిందో, ఒక్కో ముద్దకూ ఆ మొకంలోకి చూసినా. దుమ్ము కిందికి నా చూపు పోలే.